తెల్లమట్టిని ‘చిన్న ఖనిజం’ అన్నారు, సంతకం మాత్రం మనల్నే అడుగుతున్నారు

(తాడేపల్లిగూడెంలో మొన్న జరిగిన ఆదివాసీ విద్యార్థుల సమావేశంలో నేను మాట్లాడిన మాటలివి. ఒక తమ్ముడు ఫోన్‌లో రికార్డు చేసి, రాసి పంపాడు. చట్టాల పేర్లు, తేదీలు మళ్లీ సరిచూసి కలిపాను. మిగతాదంతా మాట్లాడినట్టే ఉంచాను. చాలామంది అడిగారు కాబట్టి మొత్తం పెడుతున్నా.)

 

ముందు ఈ బాటిల్ చూడండి. రాత్రి పది గంటలకి రెండు గుప్పిళ్ల తెల్లమట్టి ఇందులో వేసి, నీళ్లు పోసి, బాగా ఊపి పెట్టాను. ఇప్పుడు పదకొండు అవుతోంది. అంటే పదమూడు గంటలు. అడుగున ఇసుక దిగింది, దాని మీద మెత్తటి పొర ఒకటి దిగింది. పైన నీళ్లు మాత్రం ఇంకా పాలలాగే ఉన్నాయి. నేను మాట్లాడినంతసేపు ఇది ఈ బల్ల మీదే ఉంటుంది. ఎవరూ కదపొద్దు.

ఈ మట్టి మా ఊరిది. బుట్టాయగూడెం మండలంలో కొండ వార ఊరు మాది. పండగకి ముందు అమ్మ, అత్తలు గంపలు పట్టుకుని పోయి ఒక గట్టు దగ్గర తవ్వి తెచ్చుకుంటారు. నానబెట్టి, గుడ్డతో గోడలకి పూస్తారు. ఆ గట్టుకి పేరేం లేదు. ‘మట్టికాడ’ అంటాం, అంతే. నేను డిగ్రీకి ఈ ఊరొచ్చి మూడేళ్లు హాస్టల్లో ఉన్నాను. ఆ మూడేళ్లూ ఆ గట్టు గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు. రెండేళ్ల కింద ఇద్దరు మనుషులు బండి మీద వచ్చి, ఫోన్‌లో ఏదో చూసుకుంటూ నాలుగు చోట్ల గోతులు తీసి, మట్టిని ప్లాస్టిక్ సంచుల్లో కట్టి, సంచి మీద నంబరు రాసుకుని పోయారు. అప్పుడు మొదలైంది నాకు ఈ మట్టి చదువు.

ఈ మట్టి దేనికి పనికొస్తుందో చెప్తా. మీ హాస్టల్ బాత్రూమ్‌లో తెల్లటి బేసిన్ ఉంది కదా, గోడకి టైల్స్ ఉన్నాయి కదా. అవి ఇదే. వ్యాపారంలో దీన్ని రెండు మూడు పేర్లతో పిలుస్తారు. చైనా క్లే, బాల్ క్లే, ఫైర్ క్లే. చైనా క్లే అంటే కయోలిన్. చైనాలో పింగాణీ చేసే జింగ్‌దెజెన్ ఊరి దగ్గర ఒక కొండ పేరు నుంచి వచ్చింది ఆ మాట. రాయి ఉన్నచోటే కుళ్లి తెల్లమట్టి అయితే అది కయోలిన్. బాల్ క్లే అలా కాదు. కుళ్లిన మట్టిని పాతకాలపు ఏరులు మోసుకొచ్చి, నిలవ నీళ్లలో, మన కొల్లేరు లాంటి పల్లంలో పొరలు పొరలుగా దింపుతాయి. దారిలో ముతక ఇసుకంతా రాలిపోయి, చాలా సన్నటి రేణువులు మాత్రమే చివరికి చేరతాయి. అందుకే దానికి జిగురెక్కువ. ఇంగ్లండులో డెవాన్, డోర్సెట్ దగ్గర పారలతో పెడ్డలుగా కోసి బళ్లమీద వేసేవాళ్లు. పోర్టుకి చేరేసరికి అంచులు అరిగి బంతుల్లా అయ్యేవి. ఆ బంతే బాల్. పేరు వెనక ఇంతే కథ.

కయోలిన్ ఒక్కదానితో కమోడ్ చేద్దామంటే అచ్చులోనే పగిలిపోతుంది. దానికి పట్టు ఇచ్చేది బాల్ క్లే. కమోడ్ చేసే మిశ్రమంలో సుమారు నాలుగో వంతు ఇదే ఉంటుంది. మిగతాది కయోలిన్, పలుగురాయి పొడి, ఫెల్డ్‌స్పార్. అన్నీ నీళ్లలో కలిపి, అచ్చులో పోసి, ఆరబెట్టి, 1200 డిగ్రీల పైన కాలుస్తారు. కాలినా తెల్లగా ఉండటమే దీని గొప్ప. ఇనుము ఎక్కువున్న మట్టి ఇటుకలాగా ఎర్రబడుతుంది, ఆ మట్టికి రేటు లేదు. కొనేవాడు మట్టి రంగు చూడడు, కాలిన తర్వాత రంగు చూస్తాడు. ఆ సంచుల్లో నంబర్లు అందుకే.

నాకు నవ్వొచ్చే సంగతి ఒకటుంది. స్వచ్ఛభారత్ కింద మా ఊళ్లో ప్రతి ఇంటికీ మరుగుదొడ్డి కట్టారు. తెల్లటి పింగాణీ బేసిన్లు లారీలో వచ్చాయి. మా ఊళ్లో బోరు ఒక్కటే, అదీ వేసవిలో గాలే పోస్తుంది. సగం ఇళ్లలో ఆ దొడ్లలో కట్టెలు పెట్టుకున్నారు. మట్టేమో మాలాంటి గట్ల నుంచి పోయి, ఎక్కడో కాలి, తెల్లగా మెరుస్తూ మళ్లీ మా ఇంటికే వచ్చి కూర్చుంది.

సరే. ఇక్కడ కూర్చున్న మీకు, ముఖ్యంగా డెల్టా పిల్లలకి, ఇది కొండ మీద వాళ్ల గొడవ అనిపించొచ్చు. కాదు. ద్వారకాతిరుమల, కామవరపుకోట వైపు ఎంతమంది వెళ్లారు? చెయ్యెత్తండి. దర్శనానికైతే అందరూ వెళ్లారు! ఆ మెట్ట ప్రాంతం ఎన్నో ఏళ్లుగా బాల్ క్లేకి, ఫైర్ క్లేకి పేరున్న చోటు. దేశంలో బాల్ క్లే దొరికే చోట్లు చెప్పేటప్పుడు రాజస్థాన్‌తో పాటు మన పాత పశ్చిమగోదావరి పేరు వస్తుంది. భూగర్భశాస్త్రం పుస్తకాల్లో ‘తిరుపతి ఇసుకరాయి’ అని ఉంటుంది. అది పెద్ద తిరుపతి కాదు, మన చిన్నతిరుపతే. ‘రాఘవాపురం షేల్’ అనే ఇంకో పొరకి పేరు కూడా ఈ చుట్టుపక్కల ఊరి నుంచే. ఈ పొరలన్నిటికీ కలిపి గోండ్వానా అని పేరు. గోండ్వానా అంటే ఏంటి? గోండుల నేల. కోయవాళ్లం, గోండులం, ఇద్దరం మమ్మల్ని మేం కోయితూర్ అనే చెప్పుకుంటాం. దక్షిణార్ధంలో ఖండాలన్నీ కలిసి ఉన్న కాలానికి కూడా ప్రపంచమంతా వాడే పేరు అదే. మా పేరు రాయికి పెట్టడానికి ఎవరికీ అభ్యంతరం రాలేదు.

ఇప్పుడు నీళ్ల సంగతి. ఈ బాటిల్ ఎందుకు తెచ్చానంటే ఇందుకే.

రెండు మైక్రాన్ల రేణువు, అంటే మిల్లీమీటరులో ఐదు వందల వంతు, కదలని నీళ్లలో 10 సెంటీమీటర్లు దిగడానికి సుమారు 8 గంటలు పడుతుంది. అర మైక్రాను రేణువుకి ఐదు రోజులు పైనే. అదీ కదలకపోతే. బాల్ క్లేలో ఎక్కువ భాగం ఇలాంటి సన్నమే. ఏరులో నీళ్లు కదలకుండా ఉంటాయా? క్వారీ అంటే పెద్ద గొయ్యి. వాన పడితే నిండుతుంది. మట్టి తీయాలంటే ఆ నీళ్లు మోటారు పెట్టి తోడాలి. తోడిన నీళ్లు ఎటు పోతాయి? పల్లానికి. పక్కన గుట్టలుగా పోసిన పైమట్టి కూడా వానకి కరిగి అటే పోతుంది. అందుకే సరైన క్వారీకి నీళ్లు నిలవుండే తొట్లు ఒకదాని తర్వాత ఒకటి ఉండాలి, పైమట్టి గుట్ట చుట్టూ కాలవ, కట్ట ఉండాలి. కాగితం మీద అన్నీ ఉంటాయి.

కయోలిన్ శుద్ధి చేస్తే ఇంకా నీళ్లు. మట్టిని నీళ్లలో కలిపి పాలలా చేసి, గిరగిర తిప్పి ముతక ఇసుకని వేరు చేస్తారు. ఇనుము ఉంటే అయస్కాంతంతో లాగుతారు, ఇంకా పసుపు పోకపోతే సోడియం హైడ్రోసల్ఫైట్ వేసి తెల్లబరుస్తారు. తర్వాత ఫిల్టర్ ప్రెస్‌లో పిండి, సేమియాలాగా తీసి ఆరబెడతారు. బాల్ క్లేకి ఇంత తతంగం ఉండదు. రకాలు ఏరి, ముక్కలు చేసి, కలిపి, ఆరబెట్టి పంపుతారు. కానీ ఏరడం అంటే పనికిరానిది అక్కడే వదిలేయడం. ఇంగ్లండులో కార్న్‌వాల్ అనే చోట ఒక టన్ను చైనా క్లే తీస్తే సుమారు తొమ్మిది టన్నుల చెత్త మిగిలేది. తెల్లటి ఇసుక కొండలు అక్కడ ఊళ్ల మీదుగా కనిపిస్తాయి. అలాంటి ఒక పాత గొయ్యిలోనే ఈడెన్ ప్రాజెక్టు అని పెద్ద తోట కట్టి 2001లో తెరిచారు, జనం టికెట్ కొనుక్కుని చూస్తున్నారు. మన మెట్టలో పాత గోతులు ఎవరైనా తోట చేశారా? పశువులు పడి చస్తాయని కంప కొట్టి అడ్డం పెట్టుకుంటాం, అంతే.

ఎర్రకాలువ గురించి తాడేపల్లిగూడెంలో నేను చెప్పక్కర్లేదు. ఏజెన్సీ వైపు పుట్టి, జంగారెడ్డిగూడెం పక్కన కొంగువారిగూడెం రిజర్వాయరు దాటి, నల్లజర్ల మీదుగా మీ పొలాల్లోకి వచ్చి యనమదుర్రు డ్రైనులో కలుస్తుంది. నందమూరు అక్విడెక్టు దగ్గర వరదొస్తే ఎన్ని ఎకరాలు మునుగుతాయో ఇక్కడ రైతుల పిల్లలకి తెలుసు. తమ్మిలేరు చింతలపూడి వైపు నుంచి దిగి ఏలూరు మీదుగా కొల్లేటికి పోతుంది. పైన గట్టు విప్పితే ఆ మట్టి ఈ దారుల్లోనే కిందికి రావాలి, వేరే దారి లేదు. డ్రైను అడుగు ఒక్క జానెడు పెరిగినా వరదప్పుడు అది ఎవరి చేలో తేలుతుందో మీరే చెప్పండి.

కొల్లేరు పేరొచ్చింది కాబట్టి ఒక పక్క మాట. 1996లో అమెరికాలో కోళ్లలో డయాక్సిన్ అనే విషం ఎక్కువగా కనిపించింది. ఎక్కడి నుంచా అని వెతికితే కోడి మేతలో గడ్డకట్టకుండా కలిపిన బాల్ క్లే దగ్గర తేలింది. మిసిసిపీ రాష్ట్రంలో ఒక గని మట్టి అది. చెరువుల్లో పెంచే చేపల మేతలో కూడా అదే. 1997లో మేతలో ఆ మట్టి వాడొద్దని అక్కడి ప్రభుత్వం ఆపించింది. ఎవరూ కలిపిన విషం కాదు, మట్టిలో పాతకాలం నుంచి ఉన్నదే. ఆ గని కథ ఆ గనిదే, దాన్ని తెచ్చి మన మట్టికి అంటగట్టను. కానీ కోళ్లు, చేపల మేత ఇంత నడిచే ప్రాంతం మనది. మట్టి అంటే ఉత్త మట్టే కదా అనే మాట నేను ఇక ఒప్పుకోను.

ఇప్పుడు మా మామ గురించి చెప్పాలి. అమ్మకి తమ్ముడు. 2019 వేసవిలో కింద మెట్టలో ఒక మట్టి క్వారీకి కూలికి పోయాడు. ఏ క్వారీ, ఎవరిది అన్నది ఇక్కడ అనవసరం. పొక్లెయిన్ పైమట్టి తీసేస్తుంది, మంచి పొర వచ్చాక ఎర్రమట్టి కలవకుండా మనుషులు గునపాలతో కోసి ఏరాలి. ఆ పని వీళ్లది. గోడ నిట్టనిలువుగా ఉంది, మూడు నిలువుల ఎత్తు. ముందురోజు రాత్రి వాన పడింది. పొద్దున పదిన్నరకి గోడ జారింది. మామ నడుం దాకా మట్టిలో ఉండిపోయాడు. తీశారు, బతికాడు. కాలు రెండుచోట్ల విరిగింది. ఇప్పటికీ ఎడమవైపు ఒరిగి నడుస్తాడు.

తర్వాత నేను చదివాను. మెటలిఫెరస్ మైన్స్ రెగ్యులేషన్స్ అని 1961 నాటివి ఉన్నాయి. 106వ రెగ్యులేషన్. మట్టిలాంటి మెత్తటి నేలలో తవ్వేటప్పుడు అంచు 45 డిగ్రీలకి మించని వాలుగా ఉండాలి. లేదా మెట్లు మెట్లుగా తీయాలి, ఒక్కో మెట్టు ఎత్తు ఒకటిన్నర మీటరు దాటకూడదు, వెడల్పు ఎత్తుకంటే తగ్గకూడదు. ఒకటిన్నర మీటరు అంటే నా భుజం దాకా. మామ నిలబడిన గోడ మూడు నిలువులు. అప్పటికున్న గనుల చట్టం ప్రకారం పనిచేసే ప్రతి మనిషి పేరు రిజిస్టర్‌లో ఉండాలి. మామ పేరు లేదు. పేరు లేనివాడికి ప్రమాదం ఎలా జరుగుతుంది? జరగలేదన్నారు. మేస్త్రీ పది వేలు తెచ్చి చేతిలో పెట్టి, బండి మీంచి పడ్డానని ఆస్పత్రిలో చెప్పమన్నాడు. మామ అలాగే చెప్పాడు.

దుమ్ము గురించి కూడా చెప్పి ముందుకు పోతా. ఈ మట్టిలో పలుగు కలిసి ఉంటుంది. ఎండబెట్టి పొడి చేసేచోట ఆ సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే సిలికోసిస్. వస్తే తగ్గదు. ఊళ్లో దాన్ని టీబీ అంటారు, టీబీ మందులే వేస్తారు.

ఇక చట్టం దగ్గరికి వద్దాం. కొంచెం ఓపిక పట్టండి, నేను చెప్పాలనుకున్న అసలు సంగతి ఇక్కడే ఉంది.

2015 ఫిబ్రవరి 10న కేంద్ర ప్రభుత్వం ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. అప్పటిదాకా పెద్ద ఖనిజాల లెక్కలో ఉన్న 31 రకాలను ‘మైనర్ మినరల్స్’ చేసింది. చైనా క్లే, బాల్ క్లే, ఫైర్ క్లే, కయోలిన్, లాటరైట్, సుద్దముక్కల సుద్ద కూడా ఆ జాబితాలోనే. అంటే ఇక లీజుల నియమాలు రాష్ట్రమే రాసుకోవచ్చు. పెద్దవాళ్లకి పని సులువు చేయడానికి చేశారని అందరూ అన్నారు. నేనూ అదే అంటాను. కానీ ఆ పనిలో ఒకటి వాళ్లు అనుకోకుండా మనకి కూడా కలిసొచ్చింది.

1996 పీసా చట్టం సెక్షన్ 4లో ‘కె’, ‘ఎల్’ అని రెండు క్లాజులున్నాయి. షెడ్యూల్డు ఏరియాలో చిన్న ఖనిజాలకి లైసెన్సు గానీ లీజు గానీ ఇవ్వాలన్నా, వేలం వేయాలన్నా, ముందుగా గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ సిఫార్సు తప్పనిసరి. పెద్ద ఖనిజాలకి ఆ క్లాజు లేదు. బాక్సైటుకి లేదు, బొగ్గుకి లేదు. చిన్న ఖనిజానికే ఉంది. కాబట్టి మన మట్టిని చిన్నది అన్న రోజు నుంచే ఆ మట్టి మీద మన ఊరి మాట చట్టంలోకి వచ్చింది.

ఇప్పుడు ఆ వాక్యంలో ‘లేదా’ అనే మాట మళ్లీ వినండి. గ్రామసభ లేదా పంచాయతీ. గ్రామసభ అంటే ఊళ్లో ఓటున్న ప్రతి మనిషీ. పంచాయతీ అంటే సర్పంచి, వార్డు మెంబర్లు. వందల మందిని కూర్చోబెట్టి ఒప్పించడం కష్టం, పదిమందిని ఒక గదిలో ఒప్పించడం సులువు. ఆ రెండక్షరాలు ఎవరి పనికొస్తాయో మీకు తెలుసు. నియమగిరిలో 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు గ్రామసభలే తేల్చాలంది. ఆ వేసవి దాటాక పన్నెండు ఊళ్లు కూర్చున్నాయి, పన్నెండూ వద్దన్నాయి. అక్కడ ‘లేదా’ లేదు కాబట్టి అలా జరిగింది.

రెండో సంగతి గీత. పాత పశ్చిమగోదావరిలో బుట్టాయగూడెం, పోలవరం, జీలుగుమిల్లి వైపు ఊళ్లు షెడ్యూల్డు ఏరియా. కుక్కునూరు, వేలేరుపాడు 2014లో కలిశాయి. ద్వారకాతిరుమల, కామవరపుకోట మైదానం లెక్క. గోండ్వానా పొరలు ఆ గీత చూసి ఆగలేదు, అటూ ఇటూ ఉన్నాయి. గీతకి ఇవతల ఉన్న యానాదులకి, ఎరుకలవాళ్లకి, కూలికి దిగొచ్చిన మా కోయవాళ్లకి పీసా లేదు, 1/70 లేదు. వాళ్లకున్నది పర్యావరణ అనుమతి ఒక్కటే. అదీ చిన్న లీజులకి అక్కర్లేదని ఐదు హెక్టార్లలోపు ముక్కలు చేసుకుంటుంటే, 2012 ఫిబ్రవరి 27న దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఐదు హెక్టార్లలోపు వాటికి కూడా అనుమతి కావాల్సిందే అంది. మైదానంలో ఉన్న తమ్ముళ్లు ఆ తీర్పు పేరు రాసుకోండి.

గీతకి అవతల మాకు ఇంకోటుంది. 1997 జులై 11, సమత తీర్పు. బొర్రా గుహల దగ్గర, అనంతగిరి మండలంలో, మన ఆదివాసీల నేలలో గనుల లీజుల మీద వచ్చిన కేసు. 1/70 చట్టంలో ‘వ్యక్తి’ అంటే ప్రభుత్వం కూడా వ్యక్తే, కాబట్టి ప్రభుత్వం కూడా షెడ్యూల్డు ఏరియా భూమిని ఆదివాసీ కానివాళ్లకి లీజుకి ఇవ్వకూడదని కోర్టు చెప్పింది. తవ్వితే ప్రభుత్వ సంస్థ తవ్వాలి, లేదంటే ఆదివాసీలే సొంతంగానో సహకార సంఘంగానో తవ్వుకోవాలి. లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంతం కోసం పక్కన పెట్టాలి. ఈ తీర్పు మన రాష్ట్రంలోనే పుట్టింది. మన కాలేజీల్లో ఎంతమంది పిల్లలకి దీని పేరు తెలుసు అని అడిగితే సిగ్గేస్తుంది. నాకూ డిగ్రీ అయ్యేదాకా తెలీదు.

ఇంత చట్టం ఉంటే ఇంకేం భయం అంటారా? చెప్తా.

ఆ సంచులు పట్టుకెళ్లిన ఏడాదిన్నరకి, ఒక మధ్యాహ్నం మా ఊరికి ఒక రిజిస్టర్ వచ్చింది. ఊళ్లో ముసలివాళ్లు, పిల్లలే ఉన్నారు. మిగతావాళ్లు జీడితోట పనికి పోయారు. ఉపాధి హామీ పనుల తీర్మానం, వేలిముద్ర వేయండి అన్నారు. పదిహేడు వేలిముద్రలు పడ్డాయి. పద్దెనిమిదో మనిషి మా నానమ్మ. పక్కన మా చెల్లి ఉంది, పదో తరగతి. దానికి ఏది కనిపించినా పైకి చదివే అలవాటు, ఇంట్లో రోజూ తిట్లు తింటుంది దానికి. పై లైను గట్టిగా చదివింది: “...సర్వే నంబరులో తెల్లమట్టి తవ్వకమునకు గ్రామ ప్రజలకు ఎట్టి అభ్యంతరము లేదని...” నానమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. రిజిస్టర్ మూసేసి వెళ్లిపోయారు. ఆ పదిహేడు ముద్రలు ఇప్పుడు ఏ కాగితం కింద ఉన్నాయో చెప్పమని రాతపూర్వకంగా అడిగాం. నెలలు గడిచాయి, జవాబు రాలేదు.

ఇక్కడితో ఆపేస్తే మీరందరూ చప్పట్లు కొడతారు. కానీ ఆ రాత్రి మా ఇంటి ముందు జరిగింది కూడా చెప్పాలి. నేను కోపంగా అరుస్తున్నా, మట్టి ముట్టనివ్వం అని. మామ మంచం మీద కూర్చుని వింటున్నాడు. కాలు విరిగిన మామే. నెమ్మదిగా అన్నాడు: “కోడలా, నువ్వు చదువుకున్నావు. నీకు ఎక్కడో ఒకచోట ఉద్యోగం వస్తది. మా పిల్లోడు డ్రైవింగు నేర్చుకుని ఖాళీగా తిరుగుతున్నాడు. ఊళ్లోనే గని వస్తే రోజూ ఇంటికొచ్చి అన్నం తింటాడు కదా. నాలాగా పరాయి చోట మట్టికింద పడడు కదా.”

నా దగ్గర జవాబు లేదు. మీటింగుల్లో ‘జల్ జంగల్ జమీన్’ అని ఎంత గట్టిగా అరిచినా మామ ప్రశ్న అక్కడే ఉంది. గని వద్దు అన్నవాళ్లందరూ మంచోళ్లు, కావాలన్నవాళ్లందరూ అమ్ముడుపోయినోళ్లు అని మన పేజీల్లో రాసుకుంటాం. మామ ఎవరికీ అమ్ముడుపోలేదు. ఆయనకి వచ్చిందంతా ఆ పది వేలే.

కొందరు పెద్దలు సహకార సంఘం పెట్టుకుందాం అంటున్నారు. సమత తీర్పులో దానికి దారి ఉంది. నేను దాన్ని కొట్టిపారేయను. కానీ ఒక పొక్లెయిన్‌కి నెల అద్దె ఎవరు కడతారు, టిప్పర్లు ఎవరివి, మట్టి కొనేది ఎవరు? పెట్టుబడి బయటివాళ్లది అయితే సంఘం పేరు మనది, లీజు కాగితం మనది, తవ్వకం వాళ్లది అవుతుంది. ఏజెన్సీలో ఆదివాసీ పేరు మీద నడిచే వ్యాపారాలు మనం చూడనివా? రేపు గోడ కూలితే లీజుదారుడిగా జైలుకి పోయేది కూడా మనోడే. గుజరాత్‌లో మోర్బీ టైల్స్ ఫ్యాక్టరీలకో ఇంకెక్కడికో ముడిమట్టిగా పంపితే మనకి మిగిలేది లోడింగు కూలి. ఈ లెక్కలు వేయకుండా సంఘం అనడం, గని వద్దు అని అరవడం, రెండూ నాకు ఒకేలా కనిపిస్తున్నాయి. నా మటుకు నాకు ఆ గట్టు అలాగే ఉండాలి. కానీ నా ఒక్కదాని మాట ఊరి మాట కాదు. ఊరు కూర్చుని, మామ మాట కూడా విని, లెక్కలన్నీ ముందేసుకుని, మెట్టు ఎత్తు ఎంత, నీళ్లు ఎటు పోతాయి, గొయ్యి ఎవరు పూడుస్తారు అని అడిగి, అప్పుడు అవునో కాదో అనాలి. ఏదన్నా సరే, నేను దానికి కట్టుబడతాను.

అందుకని మీ దగ్గరికి వచ్చాను. వచ్చే మంగళవారం మా ఊళ్లో గ్రామసభ పెట్టాలని మేమే అర్జీ ఇచ్చాం. సాయంత్రం, అందరూ పనుల నుంచి వచ్చాక. దానికి నాకు మనుషులు కావాలి. ఇంగ్లిషు మైనింగ్ ప్లాను చదివి తెలుగులో చెప్పగలిగేవాళ్లు ఇద్దరు. కోయ మాటలో ముసలివాళ్లకి చెప్పగలిగేవాళ్లు ఉంటే ఇంకా మంచిది. సివిల్ చదివే పిల్లలు ఒకరొస్తే టేపు పట్టుకుని ఆ గట్టు వాలు, వాన నీటి దారి కొలిచి బొమ్మ గీయాలి. మినిట్స్ రాసేవాళ్లు ఒకరు, ఎవరు ఏమన్నారో వాళ్ల మాటల్లోనే రాయాలి, ‘చర్చించి ఆమోదించడమైనది’ అని ఒక్క లైను రాసి వదిలేయకూడదు. చివర చదివి వినిపించాకే వేలిముద్రలు. ప్రతి పేజీ ఫోటో అక్కడికక్కడే తీసుకోవాలి.

సోమవారం రాత్రికి జంగారెడ్డిగూడెం చేరిపోతే మంచిది, పొద్దున మా వైపు బస్సు ఒక్కటే. దుప్పటి తెచ్చుకోండి. తిండి మా ఇంట్లో.

ఇదిగో, ఈ బాటిల్ ముందు వరుసలో ఇస్తున్నా, చేతులు మార్చుకుంటూ చూడండి. ఇక ఊపినా పర్వాలేదు. ఎవరో చెయ్యెత్తారు వెనక, ఆ చెల్లికి మైకు ఇవ్వండి.